కేసు దక్కని రాత్రి తర్వాత డ్యూటీలో ఉన్నవాళ్లను ఎలా చూసుకుంటున్నారు?

ఇన్‌ఛార్జి సిస్టర్, హన్మకొండ
ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో 14 ఏళ్లుగా ఉన్నాను. మూడు వారాల క్రితం బావిలో పడిన పిల్లవాణ్ని తెచ్చారు. 40 నిమిషాలు ప్రయత్నించాం, దక్కలేదు. ఛాతీ నొక్కిన అమ్మాయి ఉద్యోగంలో చేరి ఆరు నెలలే. డ్యూటీకి వేళకే వస్తోంది, కేసు షీట్లలో ఒక్క తప్పు లేదు. కానీ టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళుతోంది. పైవాళ్లకు చెబితే ‘ఒత్తిడిని జయించడం’ అని గంటసేపు క్లాసు పెట్టించారు. నైట్ డ్యూటీ దిగినవాళ్లను కూడా ఇంటికి పోనివ్వకుండా కూర్చోబెట్టారు! సగం మంది నిద్రపోయారు. మీ దగ్గర నిజంగా పనికొచ్చిందేమిటో చెప్పండి.

108 అంబులెన్స్ టెక్నీషియన్ (ఈఎంటీ), కాజీపేట
సిస్టర్, మా కష్టం మరో రకం. కేసు దించి, స్ట్రెచర్ కడిగి, అది ఆరకముందే ఇంకో కాల్ వస్తుంది. ఒకసారి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ప్రమాదం. ఎనుమాములలో మిర్చి అమ్ముకుని ఇంటికి వెళుతున్న రైతు. దారిలోనే పోయారు. జేబులోని తక్‌పట్టీ, అంటే మార్కెట్లో ఇచ్చిన అమ్మకం చీటీ, తడవకుండా తీసి వాళ్లబ్బాయి చేతిలో పెట్టాను. ఆయన ముఖం గుర్తు లేదు కానీ ఆ కాగితం మీద క్వింటా ధర ఎంత వేశారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ రోజు నన్ను నిలబెట్టింది మా పైలట్, అంటే అంబులెన్స్ డ్రైవర్. టీ బండి దగ్గర ఆపి, ఏమీ అడగకుండా పక్కన కూర్చున్నాడు. రెండో టీకి నేనే మొదలుపెట్టాను. అప్పటి నుంచి చావు కేసు తర్వాత 15 నిమిషాలు ఇద్దరం అలా కూర్చుంటాం, అదీ వెంటనే మరో కాల్ రాకపోతేనే. కాగితం మీద ఆ 15 నిమిషాలకు పేరేదీ లేదు, బండి శుభ్రం చేసుకుంటున్నామని చెబుతాం.

ఆశా కార్యకర్త, భూపాలపల్లి జిల్లా
2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది కదా. ఆ వానల్లో మా ఇంట్లోకీ మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. అయినా తెల్లారగానే క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచడానికి బయలుదేరాను. ఎదురైనవాళ్లంతా ‘మాకేం తెచ్చావు’ అన్నవారే. మా ఏఎన్ఎం ఒక్కరే ‘నీ ఇల్లెట్లా ఉందమ్మా’ అన్నారు. నా రిజిస్టర్ తీసుకుని రెండు రోజులు తనే రాశారు, నేను పోయి బురద ఎత్తిపోసుకున్నాను. అప్పుడు నన్ను కూర్చోబెట్టి ధైర్యం చెప్పి ఉంటే కోపం వచ్చేదేమో.

కౌన్సెలర్, వరంగల్
ఏఎన్ఎం గారు చేసింది, పైలట్ చేసింది మేము పాఠంగా చెప్పేదే. ఘోరం జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ‘ఏం చూశారు, ఏమనిపించింది’ అని ఒక్కొక్కరితో చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. దానివల్ల తర్వాతి జబ్బు ఆగదని పరిశోధనల్లో తేలింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే చెబుతోంది. చెప్పాలనుకున్నవారి మాట వినాలి, వద్దన్నవారిని వదిలేయాలి, తిండీ నిద్రా కుదిరేలా చూడాలి.

చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. నెల దాటినా అదే దృశ్యం కలలోకి వస్తూ, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతూ, ఆ చోటుకే వెళ్లలేకపోతుంటే మానసిక వైద్యులకు చూపించాలి. చచ్చిపోవాలనుందన్న ఊసు ఎత్తితే మాత్రం నెల ఆగకూడదు. ఆ రోజే చూపించాలి, ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును మేనేజర్ గదిలో కాకుండా దుస్తులు మార్చుకునే గదిలో అంటించండి. ఎవరూ చూడకుండా రాసుకోగలగాలి.

సఫాయి సూపర్‌వైజర్
అన్నీ బాగున్నాయి. మా కార్మికులు మేడారం జాతరలో రాత్రనక పగలనక ఎత్తిన చెత్త ఎంతో చూసినవారికే తెలుసు. వాళ్ల మనసు బాగుండాలంటే ముందు ఒకటో తారీఖున జీతం పడాలి, వారానికి ఒక రోజు సెలవు ఉండాలి. రెండు నెలల జీతం ఆపి కౌన్సెలింగ్ పెడితే నవ్వుతారు. నేను విసురుగా రాస్తున్నానని తెలుసు. సిస్టర్, ఒకటి అడుగుతాను. ఆ రాత్రి పిల్లవాడి బెడ్ దగ్గర నేల తుడిచినవారిని ఎవరైనా పలకరించారా?

ఇన్‌ఛార్జి సిస్టర్, హన్మకొండ
లేదు. మీరు అడిగేదాకా తోచనే లేదు.

ముందు అమ్మాయి సంగతి. క్యాజువాలిటీ నుంచి మార్చమంటావా అంటే వద్దంది. ‘మారిస్తే చేతకాలేదంటారు సిస్టర్. చిన్నపిల్లల కేసు వస్తే పక్కన ఇంకొకరు ఉంటే చాలు’ అంది. నెలాఖరు దాకా రోస్టర్‌లో ఆమె పేరు నా పేరు పక్కనే వేశాను. నిన్న సగం ఇడ్లీ తిన్నది. 14416 నంబరు చీటీ కూడా ఇచ్చాను, చేసిందో లేదో అడగలేదు.

ఇక ఆయమ్మ. ఈ ఉదయం షిఫ్టు దిగేటప్పుడు మెట్ల దగ్గర ఆపి అడిగాను. చీపురు గోడకు ఆనించి, కాసేపు కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. ‘ఆ బెడ్ కింద రోజూ రెండుసార్లు తుడుస్తున్నాను సిస్టర్. ఒక్కసారికి పోయినట్టు అనిపించదు’ అంది.