సన్నని, వెడల్పాటి జ్యామితీయ ఫాంటు శీర్షికలకేనా? పేరాలకు ఎందుకు పనికిరాదు?

వర్తులం:
ఒక వెబ్‌సైటు మొత్తాన్ని, అంటే శీర్షికలు, పేరాలు, బటన్లు అన్నింటినీ, సన్నని గీతల వెడల్పాటి సాన్స్ (అక్షరాల కొసలకు చిన్న తోకలు లేని) ఫాంటులోనే పెట్టాలనుకుంటున్నాను. వృత్తం, సరళరేఖ తప్ప మరే ఆర్భాటమూ లేని అక్షరాలు. ఇవి శీర్షికలకే తగినవనడం చాదస్తం. 1927లో వచ్చిన ఫ్యూచురా కూడా జ్యామితీయమే. దానితో పుస్తకాలే అచ్చయ్యాయి కదా!

సిరాబుడ్డి:
ఫ్యూచురాను సాక్ష్యానికి పిలవకండి, అది మీకు వ్యతిరేకంగా చెబుతుంది. దాన్ని గీసిన పౌల్ రెన్నర్ పెద్ద అక్షరాలకు (క్యాపిటల్స్‌కు) ప్రాచీన రోమన్ శాసనాల కొలతలు తీసుకున్నాడు. O అక్షరం నిండు వృత్తం. E, F, S ఇరుకు. ఈ హెచ్చుతగ్గుల వల్లే ఒక్కో మాటకు ఒక్కో ఆకారం వస్తుంది. అన్నింటినీ ఒకే వెడల్పుకు సాగదీస్తే మాటలన్నీ ఒకే మూసలోకి వస్తాయి. వెడల్పు అక్షరాలకు పేరుపడ్డ మైక్రోగ్రామా 1952లో వచ్చినప్పుడు అందులో చిన్న అక్షరాలే (a, b, c లాంటివి) లేవు. అవి 1962లో యూరోస్టైల్‌తో వచ్చాయి. పేరాల కోసం చేసిన ఫాంటైతే అలా ఉంటుందా?

పిక్సెల్‌పిట్ట:
తెర సంగతి ఇంకా ఘోరం. గీత మందం ఒక పిక్సెల్ కన్నా తక్కువైతే దాన్ని కంప్యూటర్ బూడిదరంగుగా కలిపి చూపిస్తుంది. మీరు నలుపు ఎంచుకుంటారు, పాఠకుడికి బూడిద కనిపిస్తుంది. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగులో కనీసం ఇంత తేడా ఉండాలనే 4.5:1 కాంట్రాస్టు నియమాన్ని రంగు సంకేతాలతో లెక్కిస్తారు కాబట్టి పరీక్షలో నెగ్గుతారు, కంటి దగ్గర ఓడిపోతారు. 2013లో ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7 పరీక్షా రూపాల్లో ఆపిల్ సన్నని హెల్వెటికా ఫాంటు వాడింది. చదవలేకపోతున్నామని విమర్శలు రావడంతో విడుదలకు ముందే మందం పెంచింది.

వర్తులం:
అది సన్నదనం తప్పు, వెడల్పుది కాదు. చిన్న సైజుల కోసం గీసే అక్షరాలను కావాలనే వెడల్పు చేస్తారు.

సిరాబుడ్డి:
చేస్తారు, దాంతోపాటు మందమూ పెంచుతారు. మీ ఫాంటులో అక్షరం లోపలి తెలుపు అక్షరాల మధ్య ఖాళీ కన్నా ఎక్కువ. అక్షరాలను దూరం జరపాలి, అప్పుడు మాటల మధ్య ఖాళీ చాలదు. దాన్నీ పెంచితే వరుసకు నాలుగు మాటలు మిగులుతాయి. అచ్చులో నల్లని నేల మీద తెల్ల అక్షరాలుగా వేస్తే సిరా పాకి గీతలనే మింగేస్తుంది.

కొత్తగీత:
మామూలు ఫాంటునే అడ్డంగా సాగదీస్తే?

సిరాబుడ్డి:
వద్దండీ. నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి. వెడల్పు ఫాంటును విడిగా గీయవలసిందే.

వర్తులం:
సరే, పేరాలకు వేరేది చూస్తాను. శీర్షికలు, బటన్లు మాత్రం వదలను. బటన్ మీద ఉండేది ఒకటి రెండు మాటలు, సైజు పెంచితే చాలు.

పిక్సెల్‌పిట్ట:
పెంచండి. పాస్‌వర్డ్ చూపించే చోట మాత్రం పెట్టకండి. ఇలాంటి ఫాంట్లలో చాలావాటిలో పెద్ద ఐ (I), చిన్న ఎల్ (l) రెండూ ఒకే నిలువు గీత. ఎంత పెద్దది చేసినా తేడా తెలియదు.