ఆల్‌టైమ్ ఇండియా ఎలెవెన్: ఛెత్రీ కోసం చునీని వెనక్కి జరపొచ్చా?

ప్రశ్న:
మన ఫుట్‌బాల్ జట్టుకి అన్ని కాలాల నుంచీ ఏరి ఒక ఎలెవెన్ రాస్తున్నా. గోల్‌లో తంగరాజ్, డిఫెన్స్ మధ్యలో జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, ఇక్కడిదాకా ఆలోచించే పనే లేదు. చిక్కంతా ముందు వరసలోనే. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, సునీల్ ఛెత్రీ, ఈ నలుగురిలో ఎవరినీ తీయబుద్ధి కావట్లేదు. అలాగని 4-2-4 (డిఫెన్స్‌లో నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) ఆడిస్తే మిడ్‌ఫీల్డ్‌లో ఇద్దరే మిగులుతారు, అవతలివాళ్లు ముగ్గుర్ని పెడితే మనకి బంతే దొరకదు. మీరైతే ఏం చేస్తారు?

జవాబు 1:
4-2-3-1 పెట్టండి. ముందు ఛెత్రీ ఒక్కడే, 90కి పైగా అంతర్జాతీయ గోల్స్ కొట్టినవాణ్ణి పక్కకి నెట్టడం అన్యాయం. కుడివైపు పీకే, ఎడమవైపు బలరాం, ఛెత్రీ వెనకాల చునీ. డ్రిబ్లింగ్‌లో అంత పనితనం ఉన్నవాడికి ఆ ఖాళీ జాగా చాలు. బంతి పోయినప్పుడు మాత్రం చునీ వెనక్కొచ్చి మూడో మిడ్‌ఫీల్డర్ అయిపోవాలి, అది ఒప్పుకుంటేనే ఈ లెక్క కుదురుతుంది.

జవాబు 2:
చునీ చేత ఆ పరుగులు పెట్టిస్తే అతని ఆటే పోతుంది అన్నా. నేనైతే పీకేని బెంచ్ మీద కూర్చోబెట్టి యూసుఫ్ ఖాన్‌ని తీసుకుంటా. డిఫెన్స్‌లో పెట్టినా ముందు పెట్టినా ఆడగల హైదరాబాదీ, మధ్యలో మిడ్‌ఫీల్డర్ ఫ్రాంకో పక్కన నిలబడితే చునీకి స్వేచ్ఛ దొరుకుతుంది.

జవాబు 3:
పీకేని తీసేస్తే ఎలా? 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియా మీద మొదటి గోల్ ఆయనదే. రెండోది జర్నైల్‌ది. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డ డిఫెండర్‌ని కోచ్ రహీం సాబ్ సెమీఫైనల్లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు, రెండింట్లోనూ గోల్ కొట్టాడు, 2-1తో స్వర్ణం మనదైంది! ఆ టోర్నీ లీగ్ దశలో అదే కొరియా చేతిలో 0-2తో ఓడాక చేసిన మార్పులివి. కాబట్టి బెంచ్ మీద నయీముద్దీన్‌ని ఉంచుకోండి, చివరి పావుగంటలో గోల్ కావాలంటే ఆయన్ని డిఫెన్స్‌లోకి దించి జర్నైల్‌ని ముందుకు పంపొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
జర్నైల్ సంగతి బాగా గుర్తుచేశారు, నయీముద్దీన్ ఖాయం. పీకే ఉంటాడు. 4-2-3-1కే వెళ్తున్నా, యూసుఫ్ ఖాన్, ఫ్రాంకో ఇద్దరూ చునీ వెనకాల. స్ట్రైకర్ భైచుంగ్ భూటియా కూడా బెంచ్ మీదే, ఏం చేయలేను. ఇక లెఫ్ట్ బ్యాక్ ఎవరో చెప్పండి, బలరాం ముందుకెళ్తే ఆ వైపంతా ఖాళీ అవుతుంది.