కొత్త ఫైబర్ వేయించాక గేటు కెమెరా ఆఫ్‌లైన్, బోర్డు పోయిందా అడ్రస్ గొడవా?

కావలి పడమర:
మాది కావలి. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుందని గేటు మీద ఒక కెమెరా పెట్టించాం, పాత నెట్ మీద బాగానే నడిచింది. పోయిన వారం ఫైబర్ వేయించి పాత రౌటర్ తీసేశాం, అప్పటినుంచి యాప్‌లో ఆఫ్‌లైన్ అనే చూపిస్తోంది. కరెంటు అందుతోంది, చీకటి పడితే కెమెరాలో ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి, వైరు గుచ్చిన చోట రౌటర్‌లో పచ్చ లైటు కూడా మిణుకుతోంది. టీవీకి, ఫోన్లకి నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. కానీ రౌటర్ పేజీలో కనెక్ట్ అయినవాటి లిస్టు చూస్తే కెమెరా లేనే లేదు. పెట్టినతను డబ్బా మీద స్కెచ్‌పెన్నుతో 192.168.1.64 అని రాసిపోయాడు, అది బ్రౌజర్‌లో కొడితే తిరుగుతా ఉంటుంది తప్ప పేజీ రాదు. లాప్‌టాప్ ఐపీ 192.168.29.34 అని ఉంది. అతనికి ఫోన్ చేస్తే బోర్డు పోయుంటుంది, కొత్తది తీసుకోండి అంటున్నాడు. ఆదివారం రాత్రి సింహపురి ఎక్కి హైదరాబాద్ వెళ్లిపోవాలి, ఈలోపు ఏదో ఒకటి తేల్చండి.

దర్గామిట్ట వైర్‌మన్:
బోర్డు పోతే ఎర్ర లైట్లూ పచ్చ లైటూ రెండూ వెలుగుతాయా బ్రదర్? డబ్బులు దాచుకోండి. మీరు రాసిన రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చుక్కల మధ్య మూడో నంబరు చూడండి, ఒకదానిలో 1, ఇంకోదానిలో 29. పాత రౌటర్ 192.168.1 వరసలో ఉండేది, కొత్తది 192.168.29 వరసలో ఉంది, కెమెరా మాత్రం ఇంకా పాత వీధిలోనే కాపురం ఉన్నాననుకుంటోంది. ఫిక్స్‌డ్ అడ్రస్ పెట్టిన కెమెరా రౌటర్‌ని అడ్రస్ ఇమ్మని అడగదు, అందుకే లిస్టులో కూడా రాలేదు.

చేయాల్సింది ఇది. లాప్‌టాప్‌ని వైరుతో అదే రౌటర్‌కి కలపండి, వైఫై ఆపేయండి. ఈథర్నెట్ సెట్టింగ్స్‌లో ఐపీవీ4 మాన్యువల్‌గా పెట్టి 192.168.1.50, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అని ఇవ్వండి. కాసేపు లాప్‌టాప్‌లో నెట్ రాదు, కంగారు పడొద్దు. ఇప్పుడు 192.168.1.64 కొడితే కెమెరా లాగిన్ పేజీ రావాలి. లోపల నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీ 192.168.29.200, గేట్‌వే (అంటే కొత్త రౌటర్ అడ్రస్) 192.168.29.1 చేసి సేవ్ కొట్టండి, లాప్‌టాప్‌ని మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చేయండి. పాస్‌వర్డ్ మాత్రం అతన్ని గట్టిగా అడిగి తీసుకోండి, అది మీ సొత్తు.

లాయర్‌పేట ల్యాన్ (ఒంగోలు):
ఇంత తిప్పలెందుకబ్బా, రౌటర్ అడ్రసే 192.168.1.1కి మార్చేస్తే సరిపోదా? కెమెరాని ముట్టుకునే పనే లేదు. మొన్న సింగరాయకొండలో మా బావ వాళ్ల రొయ్యల చెరువు దగ్గర ఎనిమిది కెమెరాలకి నేను చేసింది అదే.

దర్గామిట్ట వైర్‌మన్:
ఎనిమిది ఉంటే మీరు చెప్పిందే కరెక్ట్ అన్నా, ఒక్కదానికి రౌటర్‌ని కదిలించడం దండగ. పైగా అలా మార్చినప్పుడు రౌటర్ ఫోన్లకి పంచే అడ్రసులు ఏ నంబరు నుంచి మొదలవుతాయో చూసుకోవాలి. 2 నుంచి పంచుతుంటే ఏదో ఒక రోజు ఇంటికొచ్చిన చుట్టం ఫోన్‌కి 64 వెళ్తుంది, ఇద్దరికీ ఒకటే అడ్రస్ అయ్యి కెమెరా కాసేపు వచ్చి కాసేపు పోతుంది. పంపకం 100 నుంచి మొదలెట్టమని పెడితే ఆ బాధ లేదు. నేను పైన చెప్పిన 200కీ ఇదే లెక్క. ఆ నంబరు పంపకంలోకి వస్తుంటే రౌటర్‌లో కెమెరా మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ కంపెనీ ఇచ్చే గుర్తింపు నంబరు) మీద రిజర్వ్ చేసి పెట్టండి.

కావలి పడమర:
పేజీ తెరుచుకుంది అన్నా! నంబర్లు మార్చాను, బ్రౌజర్‌లో గేటు, గేటు ముందు పడుకున్న కుక్కతో సహా క్లియర్‌గా కనపడుతోంది. కానీ యాప్‌లో ఇంకా ఆఫ్‌లైనే. ఇంట్లో కనిపించి బయట ఎందుకు కనిపించట్లేదు?

లాయర్‌పేట ల్యాన్ (ఒంగోలు):
అదే పేజీలో గేట్‌వే కింద డీఎన్‌ఎస్ అని ఉంటుంది, చూడండి. అక్కడ పాత రౌటర్ 192.168.1.1 అలాగే ఉండిపోయి ఉంటుంది. యాప్ పనిచేయాలంటే కెమెరా కంపెనీ సర్వర్‌ని పేరుతో వెతుక్కోవాలి, ఆ పేరుకి నంబరు చెప్పేది డీఎన్‌ఎస్సే, అది తప్పయితే ఇంట్లో మాత్రమే కనపడుతుంది. అక్కడ గూగుల్ వాళ్ల డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టి కెమెరాని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.

కావలి పడమర:
వచ్చేసింది! పాత నంబరే ఉంది అక్కడ. వైఫై ఆపి మొబైల్ డేటాలో కూడా చూశాను, వస్తోంది. ఇంకొక్క డౌట్. నెట్ పెట్టినతను, బయటినుంచి చూడాలంటే స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ అడ్రస్) కొనుక్కోవాలి, లేదంటే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చే పిలుపుని రౌటర్ కెమెరాకి పంపేలా పెట్టడం) చేసుకోవాలి అన్నాడు. రౌటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే బయటి నెట్ వైపు అడ్రస్, 100.72తో మొదలవుతోంది.

లాయర్‌పేట ల్యాన్ (ఒంగోలు):
100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి కంపెనీవాళ్లు చాలామంది కస్టమర్లని ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెట్టడానికి వాడే నంబర్లు, సీజీనాట్ అంటారు. ఐపీవీ4 అడ్రసులు మొత్తం కలిపినా 430 కోట్లు దాటవు, చాలక ఈ ఏర్పాటు. అందులో ఉన్నప్పుడు మీ రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటినుంచి పిలుపు మీ ఇంటిదాకా రాదు. మీకు ఆ అవసరమూ లేదు, యాప్ పనిచేసేది కెమెరానే లోపలినుంచి సర్వర్‌కి కనెక్ట్ అవ్వడం వల్ల. స్టాటిక్ ఐపీ కొనొద్దు. నన్నడిగితే పోర్ట్ తెరవకపోవడమే మేలు, 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటిది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలూ రౌటర్లలోకే దూరింది. మీ పాస్‌వర్డ్ అతనికీ తెలుసు కాబట్టి రైలెక్కేలోపు అదొకటి మార్చేయండి.

కావలి పడమర:
ఇప్పుడే మార్చేశా. ఇద్దరికీ థ్యాంక్స్ అన్నా.