ఇంగ్లీషు ఫైనల్ లెసన్‌లో ఒక్క తెలుగు వాక్యానికి మార్కులు కొయ్యడం సబబేనా?

పాలమూరు_బీఈడీ · రాత్రి 8:40

బీఈడీ రెండో సంవత్సరం. నా మెథడ్స్ (బోధన నేర్చుకునే సబ్జెక్టులు) ఇంగ్లీషు, సోషల్. మొన్న ఇంగ్లీషు ఫైనల్ లెసన్, అంటే ఎగ్జామినర్ ముందర బడి పిల్లలకు పాఠం చెప్పే పరీక్ష, అయింది. ఏడో తరగతి, క్లాసు నిండా పిల్లలు. పాఠం మధ్యల ఇద్దరిద్దరిని కూసోబెట్టి మాట్లాడించే పని పెట్టిన. ఏం చెయ్యాల్నో ఇంగ్లీషుల రెండుసార్లు చెప్పిన, ఒక్కరూ కదల్లేదు. ఇగ తెలుగుల ఒక్క వాక్యం చెప్పిన: "పక్కన కూసున్నోళ్లను మూడు ప్రశ్నలు అడగండి, వాళ్లు చెప్పింది రాసుకోండి." అంతే, క్లాసంతా గలగల. పిల్లలు అడిగింది, చెప్పింది ఇంగ్లీషులనే. వెనక కూసున్న ఎగ్జామినర్ మాత్రం షీటు మీద "మాతృభాష వాడారు" అని రాసి మార్కులు కోసిన్రు. పాఠం ఎట్ల నడిచిందో ఒక్క ముక్క మాట్లాడలే. ఇది సబబేనా?

శ్రీలత_మెథడ్స్ · రాత్రి 9:05

నేనూ ఓ ప్రైవేటు బీఈడీ కాలేజీలో ఇంగ్లీషు మెథడ్సే చెబుతాను. మీ ఎగ్జామినర్ని నేను కాదు గానీ, నేనైనా కోసేదాన్నే.

రెండుసార్లు చెప్పినా కదల్లేదంటున్నారు. మూడోసారి చెప్పడం కాదు, చేసి చూపించాలి. ముందు బెంచీలోంచి ఇద్దర్ని లేపి బోర్డు దగ్గర నిలబెట్టండి. మొదటి ప్రశ్న మీరే అడగండి. రెండోది ఒకరి చేత అడిగించి, జవాబు బోర్డు మీద రాయండి. మిగతా క్లాసుకి పని అర్థమైపోతుంది. ఇదంతా మైక్రో టీచింగ్‌లో, అంటే తోటి ట్రైనీలనే పిల్లలుగా కూర్చోబెట్టి చిన్న పాఠం చెప్పే సాధనలో, చెప్పేదే. బోధన 6 నిమిషాలు, ఫీడ్‌బ్యాక్ 6, మళ్లీ ప్లాను 12, మళ్లీ బోధన 6, మళ్లీ ఫీడ్‌బ్యాక్ 6. ఆ 36 నిమిషాల చక్రం సరిగ్గా తిప్పి ఉంటే ఫైనల్‌లో ఈ ఇబ్బంది వచ్చేది కాదు.

పల్లెటూరి పిల్లాడి చెవిన ఇంగ్లీషు పడేది రోజు మొత్తానికి ఆ ఒక్క పీరియడ్‌లోనే. అందులోనూ తెలుగే చెబితే ఇక వాడు ఎక్కడ వింటాడు?

చిత్తూరు_చిన్నోడు · రాత్రి 9:11

ఒక్క వాక్యానికి ఇంత గొడవా స్వామీ.

మానేరు_మాష్టారు · రాత్రి 9:32

హైస్కూల్ల ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటును. ఇద్దరూ తప్పు జాగల గోకుతున్నరు. తెలుగు వాడుడా వాడకపోవుడా అన్నది ముచ్చటే కాదు. పిలగానికి పని పెట్టుడు నేర్పిన్రు, ఆ పనిని చిన్న చిన్న మాటలల్ల ఇంగ్లీషుల చెప్పుడు నేర్పలే. మా బడికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చేటోళ్లను ఏటా చూస్తున్న. డైరెక్ట్ మెథడ్, బైలింగ్వల్ మెథడ్, కమ్యూనికేటివ్ అప్రోచ్, అన్నీ నిర్వచనాలతోటి వస్తయి. "నోటుబుక్కులు తీసి తారీఖు ఎయ్యిండ్రి" అని ఇంగ్లీషుల చెప్పుమంటే నా మొహం చూస్తరు. ముందు భాష నేర్పుండ్రి, పద్ధతులు తర్వాత. అవసరమైతే మొదటి సంవత్సరమంతా భాషే నేర్పుండ్రి.

శ్రీలత_మెథడ్స్ · రాత్రి 9:50

సార్, బీఈడీ భాష నేర్పే కోర్సు కాదండి. డిగ్రీ పూర్తి చేసి వచ్చినవాళ్లకు ఎలా బోధించాలో చెప్పే కోర్సు. డిగ్రీలో మూడేళ్లు ఇంగ్లీషు చదివి వచ్చినవాడికి తారీఖు వెయ్యమని చెప్పడం నేను నేర్పాలా?

మానేరు_మాష్టారు · రాత్రి 9:54

నేర్పాలె. రానప్పుడు నేర్పాలె.

పాలమూరు_బీఈడీ · రాత్రి 10:15

మేడం, మీరు 36 నిమిషాలు అంటున్నరు గద. మా దగ్గర 6 నిమిషాలు కూడా కాలే. పది మంది దోస్తులను పిల్లల లెక్క కూసోబెట్టిన్రు. పాఠం మొదలువెట్టుడు ఒకనాడు, ప్రశ్నలు అడుగుడు ఒకనాడు, బోర్డు రాత ఒకనాడు. రీటీచ్ (మళ్లీ బోధన) అన్నది మేము రాసిచ్చే రికార్డుల మాత్రమే ఉంది. సరే, పూర్తిగ చేసినమే అనుకోండి. ఎదురుంగ కూసున్నోళ్లంత డిగ్రీ అయినోళ్లు. నేను ఏం చెప్పినా వాళ్లకు అర్థమైతది. అర్థంకాని పిల్లల ముందు నిలవడుడు నాకు ఫైనల్ నాడే ఎదురైంది. ఆ చక్రం ఎన్నిసార్లు తిప్పితే ఏమొస్తది?

కడప_లెక్కలు · రాత్రి 10:22

నాకు తెలియక అడుగుతాను. 2020 తర్వాత మా లెక్కల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు అచ్చేసి ఇచ్చినారు. తెలంగాణలోనూ అట్లాంటివే వచ్చినాయి. ప్రభుత్వమే రెండు భాషలూ పక్కపక్కన పెట్టి చదువుకోమంటే, ట్రైనీ నోట తెలుగు వస్తే నేరమెట్లా అయితాది?

శ్రీలత_మెథడ్స్ · రాత్రి 10:30

అవి లెక్కలు, సైన్సు పుస్తకాలండి. అక్కడ నేర్చుకోవాల్సింది విషయం, భాష దానికి దారి మాత్రమే. ఇంగ్లీషు క్లాసులో భాషే విషయం. రెండిటికీ ముడిపెట్టకండి.

సీఫెల్_పాతకాపు · రాత్రి 10:58

చాలా కాలం తర్వాత ఇక్కడికి వచ్చాను. కొంచెం పాత సంగతి చెబుతాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఇంగ్లీషు బోధన మెరుగుపరిచే ఈ పనికోసమే 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ పెట్టారు. 1972లో విదేశీ భాషలు కూడా పేరులో చేరి సీఫెల్ అయింది, 2007 నుంచి ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం). ఉద్యోగంలో ఉన్న ఇంగ్లీషు టీచర్లకు అక్కడ నడిపిన సర్టిఫికెట్, డిప్లొమా కోర్సుల్లో బోధన పద్ధతులతో పాటు ఉచ్చారణ, వ్యాకరణం కూడా ఉండేవి. అంటే భాష ముందా పద్ధతి ముందా అనే తగాదా కనీసం అక్కడ లేదు. రెండూ ఒకే టైంటేబుల్లో ఉండేవి.

ఇక జంట పని. ఇక్కడ అందరూ దాన్ని దేవుడిచ్చిన వరంలా చూస్తున్నారు. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో పిల్లలకు రైల్వే టైంటేబుళ్లు, మ్యాపులు ఇచ్చి లెక్క తేల్చమనేవారు. పని చేస్తూ ఉంటే భాష దానంతటదే వస్తుందన్నది ఆయన నమ్మకం. అయినా పిల్లల్ని గుంపులుగా మాట్లాడించడం మీద ఆయనకు మక్కువ లేదు. తోటి పిల్లల తప్పు ఇంగ్లీషు కంటే టీచరు ఇంగ్లీషు వినడమే మేలన్నారు. మొదట టీచరు క్లాసు మొత్తంతో ఒక పని చేయించేవారు, తర్వాత అలాంటిదే ఇంకొకటి పిల్లలు ఎవరికి వారు చేసేవారు. అందుకని తమ్ముడూ, ఆ మార్కులు పోయినందుకు కాదు గానీ, అక్కడ జంట పని ఎందుకు పెట్టావో ఎవరైనా అడిగి ఉంటే నాకు సంతోషంగా ఉండేది.

పాలమూరు_బీఈడీ · రాత్రి 11:06

రికార్డుల ఒక జంట పని ఉండాలె సార్. లేకుంటే సంతకం వెట్టరు.

డల్లస్_అమ్మ · రాత్రి 11:20

ఇక్కడ వారాంతాల్లో పిల్లలకు తెలుగు చెబుతుంటాను. బీఈడీ లేదు, మెథడ్సూ లేవు, నాలాంటి తల్లులే ఎక్కువ. "పుస్తకం తీసి చదవండి" అని తెలుగులో చెబితే ఒక్కరూ కదలరు. ఇంగ్లీషులో చెబితే చటుక్కున తీస్తారు. మొదట్లో అలా చెప్పకూడదేమో అనుకునేదాన్ని. ఇప్పుడు పని ఇంగ్లీషులో చెప్పి, కథ మాత్రం తెలుగులోనే చెబుతున్నాను. పాలమూరు బాబూ, మీరు చేసింది నాకు తప్పనిపించలేదు.

శ్రీలత_మెథడ్స్ · రాత్రి 11:31

మీది వేరమ్మా. మీ పిల్లలు ఇంటికెళ్తే అమ్మమ్మతో ఫోన్లో అయినా తెలుగు వింటారు. ఈ పిల్లాడి ఇంట్లో ఇంగ్లీషు ఎవరు మాట్లాడతారు? 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా పిల్లాడి ఇంటి భాషను వనరుగా చూడమంది, నేను చదవలేదనుకోకండి. వనరుగా చూడడం వేరు, తోచనప్పుడల్లా అందులోకి జారిపోవడం వేరు.

మానేరు_మాష్టారు · ఉదయం 6:12

రాత్రంతా ఒక్క వాక్యం పట్టుకొని కూసున్నరు. అసలు ముచ్చట నేను చెప్త. 2024ల మా డీఎస్సీ అయింది. స్కూల్ అసిస్టెంటుకు 80 మార్కుల రాత పరీక్షల మెథడాలజీ 16 మార్కులు. మొత్తం కంప్యూటర్ మీద జవాబులు నొక్కుడే. ఇంగ్లీషు టీచరు కొలువుకు ఇంగ్లీషుల నోరు తెరవాల్సిన పనే లేదు. ఒక మంచి ర్యాంకరు మా మండలంల ఒక బడికి వచ్చిండు. క్లాసుల గైడు తెరిచి, జవాబుల కింద గీతలు గీయించి, ఇంటికాడ బట్టీ పట్టుమంటడు. పదో తరగతి పిల్లలకు! ఇంగ్లీషు మాట్లాడరానోళ్లను ఇంగ్లీషు టీచర్లు కానియ్యొద్దు. ఎంపికల మౌఖిక పరీక్ష పెట్టాలె, క్లాసు చెప్పించి చూడాలె. గంతే.

పాలమూరు_బీఈడీ · ఉదయం 6:47

రానోళ్లు అంటే ఎవరు సార్? పేరు వెట్టి చెప్పండి.

నేను చదివిన బడిల ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లీషు సారే లేకుండె. సోషల్ సారే చెప్పిండు, ఆయనే మంచిగ చెప్పిండు. పదిల వచ్చిన ఇంగ్లీషు సార్ సీనియర్. ఆయన గూడ గైడే తెరిచిండు. మీ కాలం మనిషే. ఇగ మౌఖిక పరీక్ష పెడితే ఎవరు వస్తరో నాకు ఎరుకే. కాన్వెంటుల చదివినోళ్లు, సిటీల పెరిగినోళ్లు, పైరవీ ఉన్నోళ్లు. ఎదురుంగ కూసున్నోడు నా ఊరు అడుగుతడు, ఇంటిపేరు అడుగుతడు, నా యాస విని నవ్వుతడు. కంప్యూటర్ నన్ను ఏమీ అడగదు. మా ఇంట్ల నౌకరి చేసినోళ్లు లేరు. ఆ కంప్యూటర్ ఒక్కటే మాకు న్యాయం చేస్తున్నది, మీరు అదీ తీసెయ్యాలంటున్నరు.

చిత్తూరు_చిన్నోడు · ఉదయం 6:52

ఇప్పుడు అసలు మాట వచ్చింది.

మానేరు_మాష్టారు · ఉదయం 7:15

కులం ముచ్చట నేను తీయలే తమ్ముడూ, నువ్వు తీసినవ్. నేను గూడ తెలుగు మీడియమే, సింగరేణి కార్మికుని కొడుకును. రేడియోల ఇంగ్లీషు వార్తలు విని, అద్దం ముందర నిలవడి మాట్లాడుడు నేర్చుకున్న. నాకు ఎవ్వలు నేర్పలే. నీ నౌకరి సంగతి నువ్వు చూసుకుంటున్నవ్, మంచిదే. నీ క్లాసుల కూసునేటోళ్లు గూడ నీ అసొంటి ఇండ్లకెల్లే వస్తరు. వాళ్లకు న్యాయం ఏ కంప్యూటర్ చెయ్యాలె?

పాలమూరు_బీఈడీ · ఉదయం 7:19

వాళ్లకు అర్థం కావాలనే తెలుగుల చెప్పిన సార్. దానికే కోసిన్రు.

శ్రీలత_మెథడ్స్ · ఉదయం 8:03

నేను చెప్పకూడదనుకున్న మాట చెబుతున్నాను.

మా కాలేజీలో ఒక్కో బ్యాచ్‌కి 50 మంది. రోజూ క్లాసుకి వచ్చేవాళ్లు రెండు బెంచీలు నిండరు. మిగతావాళ్లు నాన్ అటెండింగ్. హైదరాబాదులో, విజయవాడలో కోచింగుల్లో ఉంటారు, ఫీజు కట్టి అటెండెన్సు వేయించుకుంటారు. రికార్డులు బయట డబ్బిచ్చి రాయించుకుంటారు. మూడు రికార్డుల్లో ఒకే అక్షరదోషం ఒకే చోట చూశాను. 2015లో కోర్సును రెండేళ్లు చేశారు, ఇంటర్న్‌షిప్ 20 వారాలన్నారు. కాగితం మీద ఆ 20 వారాలూ నిండుగా ఉంటాయి. నాకు జీతం మూడు నెలలకోసారి వస్తుంది. ఎవరినైనా ఆపితే మేనేజ్‌మెంటు పిలిచి అడుగుతుంది.

మాష్టారు చెప్పినట్టు డీఎస్సీ వీళ్లను మాట్లాడమని అడగదు. రికార్డు అడగదు, అటెండెన్సు అడగదు. ఈ రెండేళ్లలో ఒక మనిషి పిల్లల ముందు నిలబడి, నేను చూస్తుండగా ఇంగ్లీషు మాట్లాడి తీరాల్సిన రోజు ఒక్కటే, ఫైనల్ లెసన్. అక్కడ కూడా "ఒక్క వాక్యమేగా" అంటే నాన్ అటెండింగ్ వాళ్లంతా పాఠమంతా తెలుగులో చెప్పి వెళ్లిపోతారు, నేను సంతకం పెట్టాలి. తెలుగు మీద కోపంతో కోయడం లేదు. నా చేతిలో మిగిలింది ఆ ఒక్క షీటు.

పాలమూరు_బీఈడీ · ఉదయం 8:20

మేడం, నేను రోజూ కాలేజీకి పోయినోన్ని. బస్సు పాసు ఉంది, చూపిస్త. రానోళ్ల కోసం పెట్టిన కత్తి వచ్చేటోళ్ల మీద పడుతున్నది. వాళ్లు ఫైనల్ నాడు ఏం చేస్తరో ఎరుకేనా? ఒక పాఠం మొత్తం బట్టీ కొడతరు. ప్రాక్టీస్ స్కూలు పిల్లలకు ముందు రోజే జవాబులు చెప్పి పెడతరు. పాఠమంతా ఇంగ్లీషే, ఒక్క తెలుగు మాట ఉండదు, మార్కులు నిండుగ వస్తయి. నేను అట్ల చెప్పిపెట్టలే, గందుకే పిల్లలు కదల్లే.

సీఫెల్_పాతకాపు · ఉదయం 8:41

శ్రీలతగారూ, దీనికి జవాబు చెప్పండి. ఆ షీటు మీ చేతిలోంచి కూడా జారిపోయినట్టే ఉంది.

శ్రీలత_మెథడ్స్ · ఉదయం 9:10

ముందే చెప్పిపెట్టిన క్లాసు పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ప్రశ్న పూర్తి కాకముందే చేతులు లేస్తాయి. అలాంటి చోట పాఠం మధ్యలో ఆపి, వేరే పేజీ తీయించి చెప్పమంటాను. అందరు ఎగ్జామినర్లూ అలా చేస్తారని చెప్పను. కానీ నియమం నియమమే. మీరు ఇద్దర్ని బోర్డు దగ్గర నిలబెట్టి చూపించి ఉండొచ్చు, ఇప్పటికీ అదే అంటాను.

కడప_లెక్కలు · ఉదయం 9:14

మేడం మళ్లా మొదటికే వచ్చినారు.

మానేరు_మాష్టారు · ఉదయం 9:40

ఆమె చెప్పిన ఇద్దర్ని నిలవెట్టుడు మంచి ఉపాయమే, నేను గూడ చేస్త. మౌఖిక పరీక్ష మాట నేను వెనక్కి తీసుకోను. కావాలంటే గొంతు రికార్డు చేసి, పేరు, ఊరు లేకుండ వేరే జిల్లా వాళ్లతోటి దిద్దియ్యిండ్రి. తమ్ముడూ, ఇంటర్న్‌షిప్ ఇంకా మిగిలి ఉంటే ఎక్కడేసిన్రు?

పాలమూరు_బీఈడీ · ఉదయం 9:52

ఇంకా నెలన్నర ఉంది సార్. మా దగ్గరి హైస్కూల్లనే. అక్కడ ఇంగ్లీషు పోస్టు ఖాళీ. చూసి చెప్పేటోళ్లు లేరు. గొంతు రికార్డు చేసినా యాస వినబడతది గద.

మానేరు_మాష్టారు · ఉదయం 10:05

యాస వినబడితే వినబడనీ. నాది గూడ వినబడతది. డీఈవో ఆఫీసుల అడిగి మా దిక్కు మార్పించుకోగలిగితే రా. రోజూ వెనక బెంచీల కూసొని చూస్త, మార్కులు ఎయ్య. ఆరో తరగతి ఇస్త, పదో తరగతి ఇయ్య.

పాలమూరు_బీఈడీ · ఉదయం 10:09

పదో తరగతి ఎందుకియ్యరు సార్? అది చెప్పకుంటే నేనేం నేర్చుకుంట?

మానేరు_మాష్టారు · ఉదయం 10:11

మార్చిల బోర్డు పరీక్ష రాసేది వాళ్లు. నువ్వు నేర్చుకునుడు ఆరో తరగతి నుంచి మొదలువెట్టు.