సమస్యాపూరణం: మట్టి ట్రాక్, నునుపు బ్రష్

సమస్య: నునుపు చేయఁ జేయ నొచ్చె బాట

నిర్వహణ: ఆటవెలది నాలుగో పాదం ఇది. మోటోక్రాస్ (మట్టిబాట బైక్ పందెం) వీడియో ఆటల ట్రాక్ ఎడిటర్‌లో మట్టిని మలిచే పనికే అన్వయించాలి. బ్రష్‌తో నేలను ఎత్తి దించే ఎడిటర్లే లెక్క. 1984 నాటి ఎక్సైట్‌బైక్‌లో లాగా తయారు ముక్కలు పేర్చుకునే పద్ధతిలో నునుపు చేయడమన్న మాటే లేదు. ఇంగ్లీషు మాట వాడొచ్చు గానీ పద్యంలో అజంతం చేసి వాడండి.

దుమ్ముబండి:

ఎగురు దిబ్బ కొనను సగము కోసె బురుసు
కందకమునఁ బండి కాలు మోపె
పదును పోయి దూకు పాటవమ్ము నశించె
నునుపు చేయఁ జేయ నొచ్చె బాట

డబుల్ జంప్ గురించి. మొదటి దిబ్బకూ రెండో దిబ్బకూ మధ్య ఖాళీయే కందకం.

పలుగుపార: మొదటి పాదంలో ఎగు–సగ ప్రాసయతి సరిపోయింది. బ్రష్‌ను బురుసు అనడం బాగుంది, పాత మాటే.

విషయమూ నిజమే. స్మూత్ బ్రష్ ప్రతి బిందువు ఎత్తునూ చుట్టుపక్కల ఎత్తుల సగటుతో మారుస్తుంది. కాబట్టి ముందు అరిగేది కొనే. సెకనుకు 15 మీటర్ల వేగం, అంటే గంటకు 54 కిలోమీటర్లు, కొన వాలు 30 డిగ్రీలు అనుకుందాం. దిగే దిబ్బ అదే ఎత్తులో ఉంటే బండి 19.9 మీటర్లు ఎగురుతుంది. బ్రష్ రెండు మూడు సార్లు తగిలి కొన 22 డిగ్రీలకు వాలిందంటే 15.9 మీటర్లే. ఖాళీ 18 మీటర్లు పెట్టుకున్నవాడు కందకంలోనే దిగుతాడు. ఎడిటర్‌లో చూస్తే మాత్రం దిబ్బ ఇంకా అందంగా కనిపిస్తుంది, అదే చిక్కు. పక్క కోణం నుంచి వైర్‌ఫ్రేమ్ (నేలను గీతల వలగా చూపే దృశ్యం) పెట్టి చూస్తే తేడా దొరుకుతుంది.

మూడోగేరు:

మెట్లు మెట్లుగాను మిగులు పటము దిద్ద
బిట్టు లెనిమిదందుఁ బెట్టి దాఁచ
తిరిగి మొలిచె మొదటి తీరుగా మెట్లన్ని
నునుపు చేయఁ జేయ నొచ్చె బాట

పలుగుపార: ఈ పూట పూరణల్లో నాకు బాగా నచ్చినది ఇదే. బిట్టు–బెట్టి యతి మైత్రి చక్కగా కుదిరింది. మొదటి పాదంలో ‘దిద్ద’, రెండో పాదంలో ‘దాఁచ’ వెంటవెంటనే వచ్చి అన్వయం కాస్త కుంటింది, అంతే.

కొత్తవాళ్ల కోసం విడమరుస్తాను. హైట్‌మ్యాప్, అంటే నేల ఎత్తులను నలుపు తెలుపు ఛాయలుగా దాచే పటం, 8 బిట్‌లో ఉంటే ఎత్తుకు 256 విలువలే. ట్రాక్‌లో అత్యల్ప, అత్యధిక ఎత్తుల తేడా 50 మీటర్లయితే ఒక్కో మెట్టు 19.6 సెంటీమీటర్లు. 16 బిట్‌లో అదే మెట్టు మిల్లీమీటరు కూడా ఉండదు. మెట్లు నిట్ట వాలు మీద కనిపించవు. నూటికి రెండు వాలున్న తిన్నటి దారిలో మాత్రం దాదాపు 10 మీటర్లకొకటి తగిలి సస్పెన్షన్ టక్కుమంటుంది. 8 బిట్‌లోనే బ్లర్ చేసి (పటాన్ని మసకబరిచి నునుపు చేసి) 8 బిట్‌లోనే సేవ్ చేస్తే విలువలు మళ్లీ అవే 256 గళ్లలోకి సర్దుకుంటాయి. పద్యంలో మెట్లు మళ్లీ మొలిచింది అందుకే. ముందు 16 బిట్ గ్రేస్కేల్‌కు మార్చాలి, తరువాత మెట్టు వెడల్పు కంటే పెద్ద వ్యాసార్ధంతో బ్లర్ చేయాలి. మార్చినంత మాత్రాన మెట్లు పోవు. ఈ పని జంపులు కట్టకముందే కావాలి, లేదంటే బ్లర్ కొనల్నీ తినేస్తుంది.

గుంతదారి:

అలల వంటి గుట్ట లన్నియుఁ గరిగెను
కుంచె పెద్ద దౌటఁ గొంప మునిఁగె
మీట నొక్కి పట్టి హద్దు మీఱఁగఁ బోవ
నునుపు చేయఁ జేయ నొచ్చె బాట

వూప్స్ (వరుసగా దగ్గరదగ్గరగా వచ్చే గుట్టలు) మీద రాశాను. తప్పులుంటే చెప్పండి.

పలుగుపార: రెండో పాదం చదివి నవ్వాను. మూడో పాదంలో మీ–హ యతి కుదరలేదండీ. ‘మీట నొక్కి పట్టి మితిమీఱి పోవంగ’ అంటే గణాలూ యతీ రెండూ నిలుస్తాయి.

మూడోగేరు: వూప్స్ కరగడానికి కుంచె ఒక్కటే కారణం కాదు, గ్రిడ్ కూడా. 3 మీటర్లకొక అల ఉంటే, మీటరుకొక బిందువున్న హైట్‌మ్యాప్‌లో అలకు దక్కేవి మూడే బిందువులు. అది గుండ్రటి అల కాదు, రంపం పళ్లు. దాన్ని చూసి నునుపు చేయబోతే చదునే మిగులుతుంది. బిందువుల దూరం 0.25 మీటర్లకు తగ్గిస్తే అలకు 12 బిందువులొస్తాయి. అప్పుడు 2049 పిక్సెళ్ల పటం 512 మీటర్ల మేరే పరుస్తుంది. స్టేడియం ట్రాక్‌కు అది చాలు, కొండదారి ట్రాక్‌కు 4097 తీసుకోవాలి. కుంచె వ్యాసార్ధం అల పొడవులో నాలుగో వంతు దాటనివ్వకండి. బలం నూటికి 10 పెట్టి, మీట నొక్కి పట్టకుండా ఒక్కో క్లిక్‌తో పోవాలి.

గుంతదారి: సవరించుకున్నాను, ధన్యవాదాలు. ఇంతకీ నునుపు బ్రష్ అసలు ముట్టుకోకూడదంటారా?

పలుగుపార: అలా కాదు. నా పూరణ చూడండి.

పాదమునకు మేలు, పైకొన కది కీడు
తేడ తెలియ కున్నఁ దిప్ప లగును
ఒకటె బురుసుతోడ నొడలెల్లఁ బులిమిన
నునుపు చేయఁ జేయ నొచ్చె బాట

దిబ్బ అడుగున నేలకూ వాలుకూ మధ్య వంపు లేకపోతే బండి గోడను గుద్దినట్టు ఆగుతుంది. అక్కడ నునుపు కావాల్సిందే. అదే 15 మీటర్ల వేగంలో వంపు వ్యాసార్ధం 10 మీటర్లుంటే బరువుకు అదనంగా 2.3 రెట్ల ఒత్తిడి పడుతుంది. 5 మీటర్లుంటే 4.6 రెట్లు, సస్పెన్షన్ అడుగంటుతుంది. 10 మీటర్ల వంపు 30 డిగ్రీలకు చేరేసరికి 1.34 మీటర్ల ఎత్తు వస్తుంది. దిబ్బ మొత్తం ఎత్తు 2.1 మీటర్లు పెడితే, పైన తిన్నటి వాలు ఒకటిన్నర మీటర్లు మిగులుతుంది. బండి రెండు చక్రాల మధ్య దూరమూ దాదాపు అంతే. ఆ తిన్నటి భాగం కురచైతే ముందు చక్రం గాల్లో ఉండగా వెనక చక్రం ఇంకా వంపులోనే ఉండి బండిని ముందుకు విసురుతుంది. వరుస ఇలా ఉండాలి: వాలు ఎత్తడం, అడుగు నునుపు చేయడం, కొన చివర్లో ఎత్తు స్థిరపరిచే బ్రష్‌తో దిద్దడం. మాస్క్ (బ్రష్ తగలకుండా కాచే కప్పు) ఉన్న ఎడిటర్‌లో కొనకు ముందే మాస్క్ వేసుకోవచ్చు.

దుమ్ముబండి: ‘తిప్ప లగును’ శ్లేష గమనించానండీ. కష్టాలూ అవుతాయి, మట్టి తిప్పలూ అవుతాయి!

నిర్వహణ: వచ్చే వారానికి తేటగీతి పాదం: *గట్టు లేనట్టి మలుపులో గట్టు నెక్కె.* బెర్మ్ (మలుపు బయటి అంచున మట్టి గట్టు) లేని మలుపు సంగతి. అదృష్టం మీద తోసేయకుండా బయటపడిన తీరు పద్యంలోనే కనిపించాలి.