ఏనుగు బొమ్మ కాళ్ళ దగ్గర కుట్లు విచ్చుకుంటున్నాయి, తప్పు గుడ్డదా, కుట్టుదా?

కొత్తసూది:
అందరికీ నమస్కారం. మా అక్క కూతురి మొదటి పుట్టినరోజు వచ్చే నెల, చేత్తో కుట్టిన ఏనుగు బొమ్మ ఇద్దామని కూర్చున్నాను. జాకెట్లకి హెమ్మింగ్ చేయడం, గుండీలు కుట్టడం తప్ప పెద్దగా రాదు, మిషన్ కూడా లేదు. అమ్మ పాత నేతచీర మెత్తగా ఉందని దాన్నే కత్తిరించి, పాత దిండులోని బూరుగు దూది కూరాను. ఇప్పుడు కాళ్ళ మధ్య విచ్చుకుని దూది బయటికొస్తోంది, తొండం సగం ఖాళీ, నిలబెడితే పక్కకి ఒరిగిపోతోంది. కళ్ళకి నల్ల గుండీలు కూడా తెచ్చాను.

దారపుండ:
ముందు గుడ్డ సంగతి. ఏళ్ళ తరబడి ఉతికిన చీరలో పోగుకి బలం ఉండదు, దూది గట్టిగా కూరితే కుట్టు తెగదు, దాని పక్కన పోగులు జరిగిపోతాయి. ఆ చీరే కావాలంటే టైలర్లు కాలర్లకి వాడే ఫ్యూజింగ్‌లో పల్చటిది తెచ్చి, వెనకవైపు ఇస్త్రీతో అంటించాకే కత్తిరించండి. లేదంటే ఫ్లీస్, అంటే చలి దుప్పట్లకి వాడే మెత్తటి నూగు గుడ్డ. అంచుల్లో పోగులు లేవవు, కుట్టు కాస్త వంకర పోయినా కనిపించదు. బట్టల బజార్లో అడగండి, సికింద్రాబాద్ జనరల్ బజార్‌ కావచ్చు, బెజవాడ వస్త్రలత కావచ్చు, దొరక్కపోతే పాత చలి దుప్పటి ఉన్నా చాలు. ఫర్ గుడ్డ జోలికి ఇప్పుడే పోవద్దు.

ఇక కుట్టు. మామూలు కచ్చా కుట్టు బొమ్మకి ఆగదు, బఖియా వేయాలి. అంటే సూది ముందుకి తీశాక మళ్ళీ వెనక్కి వచ్చి, పాత కుట్టు ముగిసిన చోటే గుచ్చడం. సెంటీమీటరుకి మూడు నాలుగు పడాలి, అంచు నుంచి కనీసం అర సెంటీమీటరు వదలండి. కాళ్ళ మధ్య వంపులో రెండుసార్లు కుట్టి, తిరగేసే ముందు కత్తెర మొనతో గాట్లు పెట్టండి, కుట్టుకి ఇంకా రెండు మిల్లీమీటర్లు ఉందనగా ఆపేయాలి. ఆ గాట్లు లేకపోతే వంపు బిగుసుకుపోయి భారమంతా అక్కడే పడుతుంది.

బూరుగుచెట్టు:
పక్కకి ఒరగడానికి కారణం వేరే అనిపిస్తోంది. రెండు ముక్కలే కలిపి కుట్టారా? అలా చేస్తే ఏనుగు అప్పడంలా వస్తుంది. పొట్ట కింద ఇంకో ముక్క పడాలి, నాలుగు కాళ్ళ లోపలి భాగాలూ అందులోనే ఉంటాయి. పాదాలకి గుండ్రటి ముక్కలు వేస్తే ఇంకా బాగా నిలబడుతుంది.

దూది తొండంతో మొదలుపెట్టాలి, తర్వాత కాళ్ళు, ఆఖరున పొట్ట. గోరంత ముక్కలుగా విడదీసి, పెన్సిల్ మొద్దు చివరతో నెట్టండి, పెద్ద ఉండ ఒకేసారి తోస్తే అది మధ్యలోనే ఇరుక్కుంటుంది. నా పేరు చూసి నవ్వుకోకండి గానీ, పసిపిల్ల బొమ్మకి బూరుగు దూది వద్దు. ఉతికితే ఉండలు కడుతుంది, లోపల ఆరడం కష్టం. దిండ్లలో వాడే పాలిస్టర్ ఫైబర్ కొనుక్కోండి. బూరుగుది షోకేసు బొమ్మకి దాచండి.

ఇద్దరుపిల్లలతల్లి:
కుట్టు సంగతి తర్వాత, ముందు ఆ గుండీలు పక్కన పెట్టేయండి! ఈ వయసు పిల్లలు ఏది దొరికినా నోట్లోనే పెట్టుకుంటారు. మూడేళ్ళ లోపు వాళ్ళకి గుండీలు, పూసలు, వెనక వాషర్‌తో బిగించే ప్లాస్టిక్ కళ్ళు, ఏవీ వద్దు. నల్లదారంతో ఎంబ్రాయిడరీ కళ్ళు కుట్టండి, గుడ్డ చదునుగా ఉన్నప్పుడే అయితే తేలిక.

మీ మొదటి ఏనుగుని పారేయకండి, సూదులు గుచ్చుకోడానికి పనికొస్తుంది. జర్మనీలో మార్గరెటె స్టైఫ్ అనే ఆవిడ 1880లో ఫెల్ట్ అనే ఒత్తు ఉన్ని గుడ్డతో కుట్టిన ఏనుగులు కూడా సూదులు గుచ్చుకోడానికే, వాటిని బొమ్మలు చేసుకుంది పిల్లలే. ఆ తర్వాత అదే పెద్ద బొమ్మల కంపెనీ అయింది.

కొత్తసూది:
అందరికీ థాంక్స్. అవును, రెండు ముక్కలే, అదీ కచ్చా కుట్టే. చీరని చెవుల లోపలివైపుకి మాత్రం వాడతాను, మిగతా అంతా ఫ్లీస్. దూది కూరిన సందుని కుట్టు కనపడకుండా ఎలా మూయాలి?

దారపుండ:
ఆ సందు పొట్ట కిందే వదలండి, నాలుగు వేళ్ళ వెడల్పు చాలు. రెండు అంచులూ లోపలికి మడిచి, ఒక మడత లోపలే సూదిని కొంచెం దూరం పోనిచ్చి తీసి, సరిగ్గా ఎదుటి మడతలో గుచ్చి అలాగే పోనివ్వండి. నిచ్చెన మెట్లలా దారాలు పడతాయి, నాలుగైదు అయ్యాక లాగితే అవి లోపలికి పోయి అంచులు కలిసిపోతాయి. దారం జంటగా, గుడ్డ రంగుదే తీసుకోండి. చివర ముడివేశాక సూదిని పొట్టలోంచి ఇంకోవైపుకి తీసి, దారం బిగించి లాగి అక్కడే కత్తిరిస్తే కొస లోపలికి పోతుంది.