బీడర్‌మాన్ 1:42.00: ఈతగాడిదా, సూట్‌దా?

గచ్చిబౌలి లేన్4: 2009 రోమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో జర్మనీ ఈతగాడు పాల్ బీడర్‌మాన్ 200 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 1:42.00లో ముగించాడు. ఫెల్ప్స్ 1:43.22తో రెండో స్థానం. ఆ ఒక్క పోటీల్లోనే 43 ప్రపంచ రికార్డులు పడ్డాయి. బీడర్‌మాన్ వేసుకున్నలాంటి పాలీయురెథేన్ (ప్లాస్టిక్‌లాంటి పదార్థం) సూట్లు 2010 జనవరి 1 నుంచి నిషేధం. అలాంటప్పుడు ఆ టైములు ఇప్పటివాటితో ఒకే పట్టికలో ఎందుకు? వేరే పెట్టాలంటాను.

విశాఖ అల: ఒప్పుకోనండీ. ఆ రోజు నిబంధనల ప్రకారం అది చెల్లే సూటే. ఫెల్ప్స్ మాత్రం మామూలు నిక్కరుతో దిగాడా? స్పీడో ఎల్‌జెడ్‌ఆర్ వేసుకునే దిగాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అతని 1:42.96 కూడా ఆ సూట్‌తోనే.

స్టాప్‌వాచ్: రెండు సూట్లనీ ఒకే గాటన కట్టకండి. ఎల్‌జెడ్‌ఆర్ నేతబట్ట, దానిమీద అక్కడక్కడ పాలీయురెథేన్ పలకలు. బీడర్‌మాన్ వేసుకున్న అరీనా ఎక్స్-గ్లైడ్ పూర్తిగా పాలీయురెథేనే. నీళ్లు పీల్చదు, లోపల కాస్త గాలి చిక్కుకుంటుంది. ఊపిరితిత్తుల వల్ల ఛాతీ తేలుతుంది గానీ కాళ్లు మునుగుతాయి. 150 మీటర్లు దాటి కాళ్ల కిక్ సడలితే నడుం దిగుతుంది, ఒళ్లు ఏటవాలై నీటి నిరోధం పెరుగుతుంది. ఆ సూట్ నడుమును దిగనిచ్చేది కాదు.

మొదటి వంద మీటర్లు, రెండో వంద మీటర్ల లెక్క చూడండి. ఫెల్ప్స్ బీజింగ్‌లో 50.29, 52.67. బీడర్‌మాన్ రోమ్‌లో 50.12, 51.88. మొదటి వందలో తేడా 0.17, రెండో వందలో 0.79.

విశాఖ అల: బీడర్‌మాన్ ఎప్పుడూ చివర్లో పుంజుకునేవాడే. అది సూట్ నేర్పిందా?

స్టాప్‌వాచ్: నేర్పలేదు. కానీ 2008 బీజింగ్‌లో అతనిది 1:46.00, ఐదో స్థానం. బట్ట సూట్‌కి తిరిగొచ్చాక 2011 షాంఘైలో 1:44.88, కాంస్యం. 2012 లండన్‌లో 1:45.53, మళ్లీ ఐదు. 2015 కజాన్‌లో 1:45.38, మళ్లీ కాంస్యం. రోమ్‌కూ షాంఘైకీ మధ్య 2.88 సెకన్లు! అంతా సూట్ ఖాతాలో వేయను, 22 ఏళ్ల ఒంట్లోని ఊపూ ఉంది. సగం వేసినా తక్కువేం కాదు.

గచ్చిబౌలి లేన్4: పైగా ఆ సాయం అందరికీ సమానంగా దక్కలేదు. నడుం సహజంగానే పైకి ఉండేవాడికి లాభం తక్కువ, కాళ్లు బరువైనవాడికి ఎక్కువ. సైజు వదులైతే లోపలికి నీళ్లు చేరేవి. బిగుతైతే వేసుకునేటప్పుడే గోరు తగిలి చిరిగేది.

మూసీ కెరటం: వేరే పట్టిక మొదలుపెడితే ఎక్కడ ఆపుతారు? 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఇయాన్ థోర్ప్ 2002 మాంచెస్టర్ టైము 3:40.08. అతనిదీ ఒళ్లంతా కప్పే సూటే, కాకపోతే బట్టది. రోమ్‌లో బీడర్‌మాన్ దాన్ని దాటింది 0.01తోనే! 2025 ఏప్రిల్‌లో లూకాస్ మార్టెన్స్ స్టాక్‌హోమ్‌లో, నడుం నుంచి మోకాళ్ల వరకే ఉండే బట్ట సూట్‌తో 3:39.96 చేశాడు. పట్టికను ఎవరూ ముట్టుకోకుండానే రికార్డు పోయింది కదా. పైగా ఇప్పటివాళ్లకు స్టార్టింగ్ బ్లాక్‌మీద వెనక కాలు ఆనించే ఏటవాలు పలక ఉంది. అది సాయం కాదా?

స్టాప్‌వాచ్: ఆ పలక అన్ని లేన్లలోనూ ఒకటే, ఎవరి కాలికి తగ్గట్టు వాళ్లు జరుపుకోవచ్చు. సూట్ అలా కాదు, ఒంటిని బట్టి ఫలితం మారేది. డేవిడ్ పోపోవిచ్ 2022లో అదే రోమ్ కొలనులో బట్ట సూట్‌తో 1:42.97 ఈదాడు. పట్టిక మాత్రం చూస్తే బీడర్‌మాన్ కన్నా 0.97 వెనక, అంతే. అందుకే నేను రికార్డు కొట్టేయమనను, పట్టికనూ రెండు చేయమనను. తేదీ, ఊరు పక్కన సూట్ రకం అని ఒక గడి చేర్చమంటాను.

విశాఖ అల: ఆ గడి వరకైతే సరే. చేరిస్తే ఫెల్ప్స్ 1:42.96 పక్కన కూడా రాయాలి మరి.